ఇంట్లో గాలికీ గజాల లెక్కేనా?

ఏటా మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌కు ఉబ్బసం రోగులు వేలాదిగా వస్తారు. చేప ప్రసాదం కోసం క్యూలైన్లు, ప్రత్యేక బస్సులు, మత్స్యశాఖ సమకూర్చే చేపపిల్లలు, పోలీసు బందోబస్తు అన్నీ సిద్ధంగా ఉంటాయి. దీనితో ఉబ్బసం తగ్గుతుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదని జనవిజ్ఞాన వేదిక ఏళ్లుగా చెబుతూనే ఉంది. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న వేరు. ఊపిరాడని మనుషుల కోసం ఒక రోజు ఇంత యంత్రాంగం కదులుతోంది. ఊపిరాడనివ్వని గదుల సంగతి మిగతా రోజుల్లో ఎవరు చూస్తున్నారు?

ఎండలు ముదరగానే పత్రికలు, టీవీలు చిట్కాలు మొదలుపెడతాయి. పొద్దున్నే కిటికీలు తెరవండి, ఏసీ ఫిల్టర్ కడగండి, ప్యూరిఫయర్ కొనండి అంటాయి. ఇంటికి కిటికీ ఉందని, దాని అవతల మంచి గాలి ఉందని అవి ముందే అనుకుంటాయి. అబిడ్స్ షాపుల వెనక గల్లీల్లో, నాంపల్లి నాలాల పక్క బస్తీల్లో చాలా ఇళ్లకు ఆ రెండూ లేవు.

ఒక గది, మూడు పొగలు

గోడకు గోడ ఆనుకున్న ఇల్లు, ఒకటే తలుపు. లేదంటే మేడ మీద రేకుల గది. రేకు మధ్యాహ్నానికే కాలిపోతుంది. స్లాబ్ పగలంతా వేడిని దాచుకుని రాత్రి గదిలోకి వదులుతుంది. అందుకే పదకొండు గంటలకు కూడా గోడ వెచ్చగా తగులుతుంది.

ఆ గదిలోనే వంట. గ్యాస్ మంట నుంచి నైట్రోజన్ డయాక్సైడ్, వేపుళ్ల నుంచి సన్నని నూనె కణాలు వస్తాయి. ఇది మొదటి పొగ. రెండోది దోమల కాయిల్‌ది. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే పీఎం 2.5 ధూళి 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని 2003లో ప్రచురితమైన ఒక పరిశోధన లెక్కగట్టింది. తలుపు తీసి పడుకుంటే దోమలు, దొంగల భయం. మూస్తే పొగ. కూలర్ పెట్టుకున్నా, ఎదురుగా గాలి బయటికి పోయే దారి లేకపోతే తేమ పేరుకుని ఉక్కపోత పెరుగుతుంది. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు.

మూడో పొగ కింది అంతస్తు నుంచి వస్తుంది. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంట్ కింది భాగంలో నిల్వచేసిన రసాయనాల డ్రమ్ములు అంటుకున్నాయి. పై అంతస్తుల్లో ఉన్న తొమ్మిది మంది ఆ రోజే చనిపోయారు. వారిలో ఎక్కువ మందిని చంపింది మంట కాదు, పొగ. డ్రమ్ములు కింద, మనుషులు పైన బతికే ఇళ్లలో గాలి ప్రమాదం రోజునే చెడిపోదు. అది రోజూ కొంచెం కొంచెంగా చెడుతూనే ఉంటుంది.

ఎవరికి ఏ గది దొరుకుతుంది

డబ్బుంటే మంచి గది దొరుకుతుందనేది సగం నిజమే. అద్దె కుదిరాక కూడా ‘మీరు ఏమిట్లు?’ అనే ప్రశ్న వస్తుందని ఈ నగరానికి చదువుకోవడానికి వచ్చిన దళిత విద్యార్థులకు తెలుసు. ఢిల్లీ పరిసర నగరాల్లో అద్దె ఇళ్ల మార్కెట్‌పై సుఖదేవ్ థొరాట్ బృందం చేసిన అధ్యయనం 2015లో వెలువడింది. దళితులకు, ముస్లింలకు ఇళ్లు నిరాకరిస్తున్నారని, ఇచ్చినా కఠిన షరతులు పెడుతున్నారని అది నమోదు చేసింది. కులం చెప్పి వెనుదిరిగిన వారికి చివరికి మిగిలేది ఎవరూ అడగని గది. అదే రేకుల గది, కిటికీ లేని గది.

తెల్లవారకముందే అబిడ్స్ రోడ్లు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికుల్లో దళితులే ఎక్కువ. పనిలో దుమ్ము పీల్చి, విశ్రాంతికి మళ్లీ వేడి గదికే చేరతారు. వారి ఊపిరితిత్తులకు సెలవు లేదు.

కాగితం మీద గాలి

1908 మూసీ వరద, 1911 ప్లేగు తర్వాత నిజాం ప్రభుత్వం 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పాటు చేసింది. ఇరుకు బస్తీలను తొలగించి గాలి, వెలుతురు ఉండే ఇళ్లు కట్టడం దాని పని. అది పనిచేసిన ప్రాంతాల్లో నాంపల్లి ఒకటి. కూల్చివేతల భారం పేదల మీదే పడింది. అయినా ఇంట్లో గాలి ప్రభుత్వ బాధ్యతేనని ఈ నగరం వందేళ్ల కిందటే ఒప్పుకుంది.

1995 డిసెంబర్‌లో చమేలీ సింగ్ కేసు తీర్పు దాన్ని హక్కుగా మార్చింది. ఉత్తరప్రదేశ్‌లో దళితుల ఇళ్ల కోసం సేకరించిన భూమిపై యజమానులు వేసిన కేసు అది. నివాస హక్కు అంటే నాలుగు గోడలు మాత్రమే కాదని, చాలినంత వెలుతురు, స్వచ్ఛమైన గాలి, నీరు అందులో భాగమని జస్టిస్ కె. రామస్వామి తీర్పు చెప్పింది. పొడి వేడి ప్రాంతాల్లో గది వైశాల్యంలో కనీసం పదో వంతు గాలి వచ్చే ఖాళీ ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి కూడా అంటోంది. నూరు చదరపు అడుగుల గదికి పది అడుగులన్నమాట.

ఇప్పుడు 2023 ఏప్రిల్‌లో తెలంగాణ తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ చూడండి. పైకప్పుకు వేడిని తిప్పికొట్టే తెల్లపూత వేయాలన్నది మంచి ఆలోచన. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి చేశారు. అంతకంటే చిన్న ఇళ్లకు మాత్రం ఐచ్ఛికం. నలభై గజాల ఇంట్లో అద్దెకుండే మనిషికి ఐచ్ఛికం అంటే లేనట్టే. పైకప్పు యజమానిది, వేడి అద్దెదారుది. 2025లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయిన వారి కుటుంబానికి నాలుగు లక్షల పరిహారం అన్నారు. చావుకు వెల కట్టారు కానీ, ఆ చావును ఆపగల పూతను ఇంటివాడి ఇష్టానికి వదిలేశారు.

ఏం అడగాలి

ఈ రాత్రికి చేయగలిగినవి ఉన్నాయి. కాయిల్ మాని దోమతెర కట్టుకోవడం, ఎండ ఎక్కకముందే వంట ముగించడం, పొడి చీపురు బదులు తడిగుడ్డ వాడడం మేలు చేస్తాయి. కానీ ఇవి కిటికీని పుట్టించవు.

అడగాల్సినవి నాలుగు. ప్రభుత్వ ఖర్చుతో తెల్లపూత ముందు బస్తీల పైకప్పులకు వేయాలి. జనం నివసించే ఇళ్ల కింద రసాయనాల నిల్వను తనిఖీ చేసి తొలగించాలి. ఆయాసంతో వచ్చిన రోగి ఎలాంటి గదిలో ఉంటున్నాడో బస్తీ దవాఖానాలో రాసుకోవాలి. 2009 జాతీయ ప్రమాణాలు బయటి గాలికే పరిమితం. ఇంట్లో గాలికీ ప్రమాణం ఉండాలి.

విద్యార్థి సంఘాలు ఒక పని వెంటనే మొదలుపెట్టవచ్చు. ఒక బస్తీని ఎంచుకుని, ఇరవై గదుల్లో మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదకొండింటికి ఉష్ణోగ్రత రాసి, ప్రతి గదికీ కిటికీ కొలత తీయండి. అధికారుల ముందు ఆ కాగితం పెట్టినప్పుడు వారు చిట్కాలు చెప్పి పంపలేరు.