డి.ఎన్.ఏ. నమూనాల రిజిస్టరు



తేనిజిల్లా సురుళి జలపాతమువద్ద 2011లో జరిగిన జంటహత్యల కేసులో మరణశిక్ష పడిన ముద్దాయిని సుప్రీంకోర్టు 2025 జులై 15న విడుదల చేసినది. డి.ఎన్.ఏ. నివేదిక ఉన్నది, నమూనాలు నడుమ ఎవరి అధీనములో ఉన్నవో మాత్రము రుజువు కాలేదు. పదునాలుగేండ్లకు హతుల కుటుంబములకు దక్కినదేమి?

మా మైలాపూరు సముద్రతీరమున ఫోరెన్సిక్ ప్రయోగశాల ఉన్నది. 1849లో మద్రాసులో పెట్టిన కెమికల్ ఎగ్జామినరు కచేరీయే దానికి మూలము. ఇట్టిచోట్ల డి.ఎన్.ఏ. తునకలను వెంట్రుకవంటి గాజుగొట్టములో విద్యుత్తుచే నడిపింతురు. పొట్టివి ముందు, పొడుగువి వెనుక వచ్చును. వాని రంగులను లేసరుతో గుర్తింతురు. దీనినే కేపిలరీ ఎలెక్ట్రోఫోరెసిస్ అందురు. చూడముచ్చటైన పనియే. కాని సీసాను దారిలో ఎవరు విప్పిరో ఆ యంత్రమునకేమి తెలియును?

నమూనాలు 48 గంటలలో ప్రయోగశాలకు చేరవలెననియు, అవి చేతులు మారిన వివరములకు రిజిస్టరు ఉండవలెననియు కోర్టువారు ఆదేశించిరి. మంచిదే. కాని ఇన్‌వర్డు రిజిస్టరుతో ఉద్యోగకాలమంతయు గడపినవాడను. నెలరోజుల పద్దులు ఒక్క సాయంకాలమున, ఒకే సిరాతో నింపుట ఎరుగుదును. ఠాణాలో వ్రాసిన వేళను ప్రయోగశాల రసీదుతో సరిచూచి, తేడాలను నెలనెలా జిల్లా జడ్జికి పంపు ఏర్పాటును ప్రభుత్వమువారు వెంటనే చేయవలెను.

— ఒక విశ్రాంత గుమాస్తా, మైలాపూరు