చెదలు తిన్న పుస్తకము

పోయిన నెల ఈ పుటలో ఎండుమిరపకాయల నిలువనుగూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ నెల పుస్తకముల నిలువనుగూర్చి చెప్పదలచితిని. మొదటిదానియందు నాకు కొంత నేర్పు కలదు. రెండవదానియందు నేను చేసిన తప్పు నొప్పుకొనుటకే ఈ నాలుగు మాటలు.

మావారు పాఠములు చెప్పు బడిలో గ్రంథాలయమును చూచుకొను అమ్మాయి యొకతె కలదు. పేరు వ్రాసినచో కోపగించును గనుక వ్రాయను. గది చిన్నది, బీరువాలు నాలుగు. పుస్తకము పోయినచో లెక్క చెప్పుకొనవలయు నను భయముచేత వానికి చిరకాలముగా తాళములు వేసియుండెను. ఆమె వచ్చిన వారమునకే తాళములు తీసి, బాలికలనే బీరువా యెదుట నిలిపి, నచ్చినది తీసికొండనెను.

“పుస్తకములు చినుగవా?” అని నేనడిగితిని.

“చినిగిన అతికింతును, అక్కయ్యగారూ! తెరువకయే శిథిలమైనదాని నేమి చేయగలను?” అనెను.

నాకు ఆ మాట కొంత పెడసరముగా తోచెను. కాని మన కృష్ణాతీరమున ఇట్టి పెడసరము క్రొత్త కాదు. బెజవాడలో రామమోహన గ్రంథాలయము 1911లో వెలసినది. 1914లో ఆ పట్టణముననే అయ్యంకి వెంకటరమణయ్యగారు పూనుకొని ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును నెలకొల్పిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువలలో పడవమీద పుస్తకములు వేయించి, ఊరూరి రేవునకును పంపిరి. చదువరి రాలేనిచోటికి పుస్తకమే పోవలయునని వారి తలంపు.

ఆ యమ్మాయి యొకనాడు మాయింటికి వచ్చి, “మీ తాతగారి పుస్తకము లున్నవట. ఆముక్తమాల్యదను పదిదినము లిత్తురా? పదవ తరగతి పిల్ల యొకతె అడుగుచున్నది” అనెను. నేనీయనంటిని. మా తాతగారు నన్ను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చదువు చెప్పిన పుస్తకమది. అంచులయందు ఆయన స్వహస్తముతో అర్థములు వ్రాసియుండెను. పరుల చేతిలో పాడగునని నా భయము.

ఎంత భద్రముగా నున్నదో చూపుదమని అటకమీది చెక్కపెట్టె దింపించి తెరచితిని. పైయట్ట చక్కగానే యున్నది. పట్టి యెత్తగా లోపల మట్టి! చెదలు నడుమ పుటల నన్నిటిని తినివేసెను. ఎనిమిదేండ్లు నేనా పెట్టె మూత తీయలేదు. పరులు పాడుచేయుదురని దాచితిని. దాచి నేనే పాడుచేసితిని. ఆమె యెదుటనే నాకు కన్నీరు వచ్చెను. ఆమె ఏమియు ననక, మట్టి దులిపి, మిగిలిన పుటలను కాగితములో చుట్టి తీసికొనిపోయెను.

మరునాటి సాయంకాలము తన చరవాణితో వచ్చెను. అంతర్జాలమున ఇంటర్నెట్ ఆర్కైవ్ అను భాండాగారము కలదు. అందు వేలకొలది పాత తెలుగు పుస్తకములను పుట పుటయు బొమ్మతీసి యుంచిరి. రాత్రులందు వానిని వెదకుటయే ఈ అమ్మాయి వినోదము. అందు ఆముక్తమాల్యదయు దొరకెను. పద్యములన్నియు మరల నాకు దక్కినవి. మా తాతగారి చేతివ్రాత మాత్రము ఏ భాండాగారమునను లేదు. అదియొక్కటే పోయినది, అది మరల రాదు.

ఆ తరువాతి ఆదివారము నన్ను శ్రీకాకుళమునకు రమ్మనెను. ఉత్తరమున నున్న జిల్లా కాదు. మన కృష్ణయొడ్డున నున్న యూరు. పుస్తకములలో చదివిన యూళ్లను సెలవుదినములందు చూచివచ్చుట ఆమె కలవాటు. ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి మీదుగా పోతిమి. కళింగ దండయాత్రకు వెడలిన కృష్ణదేవరాయలు అచ్చట ఏకాదశి ఉపవాసముండగా, ఆంధ్రవిష్ణువు కలలో కనబడి తెనుగున కావ్యము చెప్పుమన్నట్లు ఆ కావ్యపు పీఠికలోనే కలదు. ఆ పీఠికను నేను పండ్రెండేండ్లకే వల్లించితిని. ఇంత చేరువనున్న ఆ కోవెలను చూచుట ఇదియే మొదటిసారి!

తిరిగి వచ్చునపుడు ఆమె నాకొక పని యప్పగించెను. వికీసోర్సు అను మరియొక తావున పాత పుస్తకముల పుటలను అక్షరరూపమున చేర్చుచున్నారు. ఒకవైపు పుట బొమ్మ, మరియొకవైపు యంత్రము చదివిన పాఠము. సరిచూడని పుటకు ఎఱుపు గుర్తు, ఒకరు దిద్దినదానికి పసుపు, వేరొకరు మరల చూచినదానికి ఆకుపచ్చ. ఆమె దినమున కొక పుట దిద్దును. అరసున్నలయొద్దను, బండిఱాలయొద్దను మాత్రము చిక్కుపడును. ఏడు అనగా సంఖ్య, ఏఁడు అనగా సంవత్సరము; అరుగు అనగా పోవుట, అఱుగు అనగా జీర్ణించుట. ఇవి నాకు తాతగారు చెప్పినవే. బడిమెట్టెక్కని నా చదువును నన్నింతవరకు ఎవ్వరు నడుగలేదు. ఇప్పుడు రాత్రి వంటిల్లు సర్దుకొన్నపిమ్మట అరగంటసేపు నేను రెండవ చదువరిని.

ఇంటి చదువన్నచో భండారు అచ్చమాంబగారు జ్ఞప్తికి వత్తురు. 1874లో పెనుగంచిప్రోలున పుట్టిన ఆమె, తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు చదువుకొనుచుండగా తానును నేర్చుకొని, స్త్రీల చరిత్రలను, కథలను వ్రాసెను. 1902లో హిందూసుందరిలో వెలువడిన ‘ధనత్రయోదశి’ని ఈ యమ్మాయి అంతర్జాలమున కనుగొని, మొన్న బాలికలకు బిగ్గరగా చదివి వినిపించెను. ముప్పది యేండ్లకే 1905లో కన్నుమూసిన తల్లి మాట నేడు మన పిల్లల చెవిని బడినది.

సోదరులారా అని పురుషులకు చెప్పుటలేదు. పెట్టె తాళములు మన కొంగుననే యున్నవి. ఈ నెల నొక్కదినము పాత పెట్టెలు దింపుడు. పుస్తకములను నీడపట్టున గాలికి ఆరవేసి, ధూళి మెత్తని గుడ్డతో తుడువుడు. గోడకును, నేలకును తగులకుండ, చెమ్మలేనిచోట నిలువుగా నుంచుడు. అంచులలో పెద్దల వ్రాత యున్నచో ముందుగా ఆ పుటల ఛాయాచిత్రములు తీయించుడు. పద్యము మరియొకచోట దొరకును, ఆ వ్రాత దొరకదు. ఆపైన చదువదలచిన పిల్ల కిండు.

నా పెట్టెలో మిగిలిన పదునొకండు పుస్తకములు ఇప్పుడు బడి బీరువాలో నున్నవి. ఆముక్తమాల్యద నడిగిన పిల్ల నిన్న మాయింటికి వచ్చి, అరసున్న యెందుకని యడిగెను. కూర్చుండుమని పీట వేసితిని.