ఒకే కప్పు కింద ఊరు

తిరుమల కొండపై 2025 సెప్టెంబరులో ‘వేంకటాద్రి నిలయం’ అనే వసతి సముదాయం ప్రారంభమైనది. 102 కోట్ల రూపాయల వ్యయంతో నిర్మించిన ఈ భవనంలో, ముందుగా గదులు పొందని యాత్రికులు సుమారు 4,000 మంది ఒకేసారి తల దాచుకొనవచ్చును. పడకశాలలు, సామాను భద్రపరచుకొనే అరలు, వేడినీటి స్నానాలు, తలనీలాలిచ్చే కల్యాణకట్ట, భోజనశాల అన్నీ అందులోనే. ఒక పెద్ద పల్లె జనాభా ఆ గోడల నడుమ రాత్రి గడిపి దర్శనానికి బయలుదేరుతుంది. ఒక రాత్రికి సాధ్యమైనది జీవితకాలానికి ఎందుకు సాధ్యం కాదు? ఊరంతటినీ ఒక్క భవనంలో ఎందుకు నిలుపరాదు?

ఈ ఊహ కొత్తది కాదు. ఫ్రాన్సులోని మార్సెయ్ నగరంలో లె కొర్బుజియే నిర్మించిన భవనం 1952లో పూర్తయినది. 337 ఇండ్లతోపాటు నడిమి అంతస్తులో అంగళ్ల వీధిని, మిద్దెపై శిశువిద్యాలయాన్ని అతడు అందులోనే అమర్చాడు. ఇటలీలో పుట్టిన పావొలో సొలేరి మరింత దూరం పోయి, 1970లో అమెరికాలోని అరిజోనా ఎడారిలో ఆర్కోసాంటి నిర్మాణానికి పూనుకొన్నాడు. 5,000 మందికని తలపెట్టిన ఆ పురంలో నేటికీ కొన్ని పదుల మందే నివసిస్తున్నారు. అలాస్కాలోని విట్టియర్ పట్టణవాసులలో అత్యధికులు మాత్రం సైన్యం కట్టి విడిచిన 14 అంతస్తుల భవనంలోనే నిజంగా కాపురముంటున్నారు. అక్కడి మంచు వారికి వేరు దారి చూపలేదు.

ఈ ఆశయాన్ని తేలికగా తీసివేయరాదు. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులైనవి. రాయలచెరువు కట్టకు గండి పడునేమోనని చుట్టుపట్ల గ్రామాలను ఖాళీ చేయించవలసి వచ్చినది. ఇండ్లు నేలమీద పరచుకొంటూ పోతే చెరువులకు, వాగులకు చోటు మిగలదు. మనుషులు పైకి పోతే నేల మిగులుతుంది. కరవుసీమలో ఈ వాదానికి బలమున్నది.

అయితే ‘స్వయంసంపూర్ణం’ అన్న మాట దగ్గర నేను ఆగుతాను. తిరుమల వసతి గృహాల కుళాయిలలో నీరు ఆ గోడలలో పుట్టినది కాదు. గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, పసుపుధార జలాశయాలు నిండితేనే అది వస్తుంది. బియ్యం, పాలు, కూరగాయలు కనుమదారి ఎక్కి రావాలి. 2021 డిసెంబరు ఆరంభంలో బండరాళ్లు దొర్లిపడి పైకి పోయే ఆ దారి దెబ్బతిన్నప్పుడు, కొండకూ మైదానానికీ ఉన్న బంధం ఎంతటిదో అందరికీ తెలిసివచ్చినది.

ఊరంటే కేవలం సౌకర్యాల మొత్తమూ కాదు. తిరుపతి గంగమ్మ జాతరలో వేషం కట్టినవారు ఇంటింటి ముందు నిలిచి, వీధులన్నీ తిరుగుతారు. మొక్కులో భాగంగా తిట్లు కూడా తిడతారు! ఆ సందడిని పదో అంతస్తు నడవలో ఏ పొరుగువాడు సహిస్తాడు? వీధి లేనిచోట జాతర లేదు, అరుగు లేదు, దారిన పోయే అపరిచితుడూ లేడు.

వీటన్నిటికంటె నన్ను కలవరపెట్టేది వేరొకటి. కొండపై పనిచేసేవారిలో అనేకులకు ఇల్లు తిరుపతిలోనే. బస్సెక్కి పైకి వెళ్లి, గదులు తుడిచి, దుప్పట్లు మార్చి, పని ముగియగానే మళ్లీ కిందికి దిగుతారు. యాత్రికునికి వేంకటాద్రి నిలయం సంపూర్ణమైన ఊరుగా తోచడానికి కారణం, దాన్ని నడిపించే శ్రమ వేరొక ఊరినుండి రావడమే. సత్రానికి ఇది దోషం కాదు. అతిథి మరునాడు వెళ్లిపోతాడు. కాని జీవితాంతం ఉండవలసిన భవనానికి ఇది పెద్ద లోపం. నేడు పట్టణాలలో ‘అన్నీ లోపలే’ అంటూ ప్రకటించుకొనే బహుళ అంతస్తుల సముదాయాలలో వంటమనిషి, కావలివాడు, మురుగు తీసేవాడు సాయంకాలం గేటు దాటి ఎటు పోతున్నారు? అటువంటి భవనపు పటం ఎవరు చూపినా, వారి పిల్లలు చదువుకొనే గది అందులో ఎక్కడున్నదని నేను మొదట వెదకుతాను.