దానంతో కీర్తి వస్తుంది.. గౌరవం వస్తుందా?

న్యూ టౌన్ (కోల్‌కతా): కోల్‌కతా తూర్పు అంచున వెలసిన న్యూ టౌన్‌లో టాటా మెడికల్ సెంటర్‌ను 2011 మే 16న రతన్ టాటా ప్రారంభించారు. అంతకు మూడు రోజుల ముందు వెలువడిన శాసనసభ ఎన్నికల ఫలితాలు పశ్చిమ బెంగాల్‌లో 34 ఏళ్ల వామపక్ష పాలనకు తెరదించాయి. ఆ పతనానికి దారితీసిన ప్రధాన కారణాల్లో సింగూరు ఒకటి. అక్కడ టాటా మోటార్స్ నానో కార్ల కర్మాగారం కోసం ప్రభుత్వం దాదాపు వెయ్యి ఎకరాలు సేకరించింది. భూమి ఇవ్వడానికి నిరాకరించిన రైతుల ఆందోళన ఉద్ధృతం కావడంతో 2008 అక్టోబరు 3న ఆ సంస్థ ప్రాజెక్టును విరమించుకుంది. ఒకే రాష్ట్రంలో ఒకే పేరు ఒకచోట ఆగ్రహానికి, మరోచోట ఆశకు చిరునామాగా మారింది.

న్యూ టౌన్ ఆస్పత్రికి బెంగాల్‌తోపాటు ఈశాన్య రాష్ట్రాల నుంచి, బంగ్లాదేశ్ నుంచి కూడా క్యాన్సర్ రోగులు వస్తారు. పేదలకు రాయితీపై చికిత్స అందించడం ఆ సంస్థ లక్ష్యాల్లో ఒకటి. సింగూరులో ఎర్రజెండా పట్టినవారైనా, ఆకుపచ్చ జెండా పట్టినవారైనా ఈ ఆస్పత్రి మెట్లు ఎక్కడానికి వెనుకాడనక్కర్లేదు. అయితే సంపన్నులు చేసే దానం వారి పట్ల నిజమైన గౌరవాన్ని తెచ్చిపెడుతుందా, లేక కృతజ్ఞతతోనే ఆగిపోతుందా అన్న ప్రశ్నకు బెంగాల్ అనుభవం సూటి సమాధానమే ఇస్తోంది.

రెండు వేర్వేరు ఖాతాలు

ఆస్పత్రి నిర్మించినందుకు సింగూరు వివాదం సమసిపోలేదు. 2016 ఆగస్టు 31న సుప్రీంకోర్టు ఆ భూసేకరణ చెల్లదని తేల్చి, భూములను రైతులకు తిరిగి అప్పగించాలని ఆదేశించింది. మరోవైపు, పెట్టుబడి నష్టపోయిన టాటా మోటార్స్‌కు రాష్ట్ర పారిశ్రామికాభివృద్ధి సంస్థ రూ.765.78 కోట్లు, దానిపై వడ్డీ చెల్లించాలని మధ్యవర్తిత్వ ట్రైబ్యునల్ 2023 అక్టోబరులో తీర్పు చెప్పింది. ఈ రెండు నిర్ణయాల్లోనూ ఆస్పత్రి ప్రస్తావనకు తావులేదు, ఉండకూడదు కూడా. దానం ఒక ఖాతా, న్యాయం మరో ఖాతా. ఒకదాని మిగులును రెండోదానికి బదిలీ చేయడం కుదరదు.

2024 అక్టోబరు 9న రతన్ టాటా కన్నుమూసినప్పుడు ఒకనాడు సింగూరు ఉద్యమానికి నాయకత్వం వహించిన ముఖ్యమంత్రి మమతా బెనర్జీ కూడా సంతాపం ప్రకటించారు. ఆ సంతాపంతో పాత పోరాటం తప్పయిపోలేదు. ఆ పోరాటం వల్ల ఆయన సేవ విలువా తగ్గలేదు.

తెలుగువారికి ఈ తూకం కొత్తదేమీ కాదు. మహాభారతంలో కర్ణుణ్ని ‘దానకర్ణుడు’ అని పిలిచిన నోటితోనే, ద్రౌపదిని నిండుసభలో అవమానించినవారి సరసన ఆయన నిలిచాడని కూడా చెప్పుకుంటారు. కవచకుండలాలు కోసిచ్చిన త్యాగం ఆ సభలోని తప్పును తుడిచివేయలేదు. ఆ తప్పు ఈ త్యాగాన్ని చెరిపివేయనూ లేదు.

ఆ సొమ్ము ఎక్కడిది?

‘ఆవును చంపి చెప్పులు దానం చేసినట్లు’ అన్న సామెత దాత ముందు పెట్టే మొదటి ప్రశ్న ఇదే. ప్రపంచ చరిత్రలోనూ దీనికి ఉదాహరణలున్నాయి. అమెరికా ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ దాదాపు 2,500 గ్రంథాలయాల నిర్మాణానికి నిధులిచ్చారు. అయినా 1892లో హోమ్‌స్టెడ్ కర్మాగారంలో ఆయన సంస్థ కార్మికుల సమ్మెను అణచివేసిన తీరు ఆయన జీవితచరిత్రలో చెరగని అధ్యాయంగా మిగిలింది. ఓపియాయిడ్ నొప్పి మాత్రల వ్యాపారంతో కోట్లు గడించిన సాక్లర్ కుటుంబం ప్రపంచ ప్రసిద్ధ మ్యూజియాలకు ఉదారంగా విరాళాలిచ్చింది. ఆ మాత్రల వ్యసనం వేలాది ప్రాణాలను బలిగొన్న వైనం బయటపడ్డాక 2019లో పారిస్‌లోని లూవ్ర్, 2021లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ఆ కుటుంబం పేరును తమ గోడల మీద నుంచి తొలగించాయి. విరాళంతో పేరు చెక్కించుకోవచ్చు గానీ, ఆ పేరు గోడ మీద నిలవాలా వద్దా అన్నది సమాజం నిర్ణయిస్తుంది.

హైదరాబాద్ అనుభవం దీనికి మరో కోణాన్ని చేరుస్తుంది. సత్యం కంప్యూటర్స్ వ్యవస్థాపకుడు బి.రామలింగరాజు చొరవతో 2005 ఆగస్టు 15న 108 అత్యవసర అంబులెన్స్ సేవ మొదలైంది. 2009 జనవరి 7న కంపెనీ లెక్కల్లో భారీ అక్రమాలు జరిగాయని ఆయనే లేఖ ద్వారా వెల్లడించారు. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం ఆయనను దోషిగా నిర్ధారించింది. శిక్షపై అప్పీలు దాఖలైంది. అంబులెన్స్ సేవ నిర్వహణను జీవీకే సంస్థ స్వీకరించగా, అది ఆగకుండా ఇతర రాష్ట్రాలకూ విస్తరించింది. ప్రాణాపాయంలో ఉన్నవారు 108కు ఫోన్ చేసేటప్పుడు దాన్ని ఎవరు ప్రారంభించారని ఆలోచించరు. సేవకు దక్కిన విశ్వాసం సేవకే మిగిలింది. అది వ్యవస్థాపకుడికి కవచం కాలేదు, ఆయన పతనం సేవకు మచ్చగానూ మారలేదు.

ఎవరి సొమ్ము?

రెండో ప్రశ్న, ఇచ్చేది ఎవరి డబ్బు అన్నది. రూ.500 కోట్ల నికర విలువ, రూ.1,000 కోట్ల టర్నోవర్, రూ.5 కోట్ల నికర లాభం.. వీటిలో ఏ ఒక్క పరిమితిని చేరిన కంపెనీ అయినా గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలని 2013 నాటి కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ నిర్దేశించింది. 2014 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. బడులు, మరుగుదొడ్లు, తాగునీటి పథకాలకు ఈ నిధులు ఎంతో ఉపకరించాయి. కానీ చట్టం ప్రకారం వాటాదారుల సొమ్ముతో చేసే ఖర్చును యజమాని వ్యక్తిగత ఔదార్యంగా ఫ్లెక్సీలపై చూపడం ‘అత్త సొమ్ము అల్లుడు దానం చేసిన’ చందమే. చట్టాన్ని పాటించడం మెచ్చదగిన విషయం. దాన్ని త్యాగమని పిలవలేం.

దాతల వార్షిక జాబితాలు ఈ తేడాను మరుగున పడేస్తున్నాయి. 2024 హురూన్ జాబితాలో రూ.2,153 కోట్లతో శివ్ నాడార్ కుటుంబం అగ్రస్థానంలో నిలిచింది. అది నిస్సందేహంగా భారీ మొత్తమే. అయితే ఇచ్చినదాన్ని బట్టే వరుస కట్టే జాబితా, ఇచ్చాక దాత దగ్గర ఎంత మిగిలిందో, ఆ సంపద ఏ పని పరిస్థితుల్లో పోగయిందో చెప్పదు. గౌరవాన్ని నిర్ణయించేవి మాత్రం ఎక్కువగా ఆ వివరాలే.

పట్టు వదిలినప్పుడే

మూడో ప్రశ్న, ఇచ్చిన తర్వాత దాత పట్టు సడలించాడా అన్నది. దొరాబ్జీ టాటా ట్రస్టు 1941లో ముంబయిలో స్థాపించిన టాటా మెమోరియల్ ఆస్పత్రిని 1957లో కేంద్ర ఆరోగ్యశాఖ స్వీకరించింది. 1962లో అది అణుశక్తి విభాగం పరిధిలోకి వచ్చింది. పేరు మిగిలింది, పెత్తనం పోయింది. అక్కడ చికిత్స నేడు దాత దయ కాదు, పౌరుడు ప్రభుత్వాన్ని నిలదీసి అడగగలిగిన సేవ. టాటా సన్స్ మూలధనంలో దాదాపు 66 శాతం దాతృత్వ ట్రస్టుల చేతిలోనే ఉండటం కూడా ఈ కోవలోనిదే. లాభంలో సింహభాగం ఒక కుటుంబానికి చేరకుండా ముందే కట్టుదిట్టం చేసిన ఏర్పాటది.

తెలుగు నేలపైనా అలాంటి దాతలున్నారు. రంగూన్‌లో వ్యాపారం చేసి సంపన్నుడైన మల్లాడి సత్యలింగం నాయకర్ తన ఆస్తిని ధర్మకార్యాలకు రాసిచ్చారు. ఆయన పేరిట ఏర్పడిన ఎంఎస్‌ఎన్ ఛారిటీస్ విద్యాసంస్థలు కాకినాడలో తరతరాలకు చదువు చెప్పాయి. కోనసీమలోని లంకల గన్నవరంలో ఆకలితో వచ్చినవారికల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ 1909లో కన్నుమూశారు. ఆమె తన పేరు ఎక్కడా చెక్కించుకోలేదు. గన్నవరం వద్ద అక్విడక్టుకు, 2024లో ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది తర్వాతి తరాలవారు. దాత తనకు తాను పెట్టుకునే పేరుకు, ఊరు పెట్టే పేరుకు మధ్య ఉన్న దూరమే కీర్తికీ గౌరవానికీ మధ్య ఉన్న దూరం.

తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం స్థలంలో టాటా ట్రస్టులు నిర్మించిన క్యాన్సర్ ఆస్పత్రి 2022 మేలో ప్రారంభమైంది. ప్రభుత్వ వైద్యం చాలని చోట ఇలాంటి దానాలు ప్రాణాలు నిలుపుతాయి. అందుకే వాటిని తేలిగ్గా తీసిపారేయడం తగదు. అలాగని ఆస్పత్రి కట్టిన సంస్థను భూమి గురించి, వేతనాల గురించి, పన్నుల గురించి ప్రశ్నించకూడదనుకోవడం అంతకన్నా ప్రమాదకరం. అప్పుడు దానం నోరు మూయించే మూల్యం అవుతుంది. భూమి కోసం కోర్టుకెక్కిన సింగూరు రైతుకు రేపు క్యాన్సర్ సోకితే, తల వంచకుండా న్యూ టౌన్ ఆస్పత్రికి వెళ్లగలగాలి. నయమై ఇంటికి చేరాక కూడా తన భూమి గురించి అంతే గట్టిగా మాట్లాడగలగాలి. దాతకు దక్కే గౌరవం ఎంత నిజమైనదో తేల్చేది ఆ స్వేచ్ఛే.