కుళాయి కట్టేశారా?

మిత్రుడొకాయన కుటుంబంతో నాలుగు వారాలు హైదరాబాదు వెళ్ళొచ్చారు. తిరిగొచ్చి తలుపు తీస్తే గుప్పున ముక్కవాసన. మేడమీద వాషింగ్ మెషీన్ వెనక రబ్బరు గొట్టం చిట్లింది. నీళ్ళు సీలింగులోంచి కింద గదిలోకి దిగాయి. గోడల నిండా బూజు. ఇంతకీ ఆయన ఉద్యోగమేమిటో తెలుసా? సర్వర్లు పడిపోకుండా చూడటం!

నవ్వకండి, మనలో చాలామందిమి అంతే. ఆఫీసులో ప్రతిదానికీ బ్యాకప్ ఉందా అని అడుగుతాం. ఇంట్లో పదేళ్ళ నాటి గొట్టాన్ని ఒక్కసారీ తొంగి చూడం.

మన అలవాటు కూడా కొంత కారణమనుకుంటాను. మన ఊళ్ళో డాబా మీద టాంకు ఉంటుంది. గొట్టం ఊడితే ఆ టాంకు ఖాళీ అయ్యేదాకా కారుతుంది, అంతే. వెయ్యి లీటర్లంటే సుమారు 264 గ్యాలన్లు. కింద గచ్చునేల, తుడిచేస్తే సరి. అమెరికాలో ఇంటికొచ్చే నీటి వత్తిడి మామూలుగా 40 నుంచి 80 పి.ఎస్.ఐ. దాకా ఉంటుంది. పైగా ఆ నీటికి అంతులేదు. నిమిషానికి 5 గ్యాలన్లు పోతున్నాయనుకుంటే గంటకి 300, రోజుకి 7,200! కింద ఉన్నదేమో చెక్క, షీట్‌రాక్, కార్పెట్టు. తడిసినవాటిని 24 నుంచి 48 గంటల్లో ఆరబెట్టకపోతే బూజు పట్టవచ్చని ఇ.పి.ఏ. చెబుతుంది.

ఈ మాట చెప్పగానే మనవాళ్ళు అడిగేది, "ఏ సెన్సర్ కొనమంటారు?" అని. సెన్సర్లు మంచివే, నేనూ హీటర్ కింద ఒకటి పెట్టాను. కానీ విజయవాడలో పెళ్ళి భోజనం మధ్య ఫోను మోగితే మీరు చెయ్యగలిగిందేమిటి? పక్కింటాయన దగ్గర తాళంచెవి లేకపోతే, ఇల్లు మునుగుతోందన్న కబురు మాత్రమే మిగులుతుంది. కబురందటం వేరు, ఆపటం వేరు. తనంతట తానే మూసుకునే వాల్వు ఉంటే సరే. లేదంటే సెన్సర్ కన్నా ముందు మీ చెయ్యి పనిచెయ్యాలి.

కనక ప్రయాణం రోజున మెయిన్ వాల్వు కట్టెయ్యండి. అది ఎక్కడుందో, తిరుగుతుందో లేదో వారం ముందే చూసుకోండి. పాత గుండ్రటి పిడి వాల్వులు బిగుసుకుపోతుంటాయి. అపార్టుమెంటులో ఉంటే కనీసం వాషింగ్ మెషీన్ కుళాయిలు రెండూ కట్టండి. ఫ్రిజ్‌లో ఐస్ మేకర్ ఆపండి. రబ్బరు గొట్టాల బదులు స్టీలు అల్లిక ఉన్నవి వేయించండి, అయిదేళ్ళకోసారి వాటినీ మార్చండి. చలి ప్రాంతాలవాళ్ళు హీటింగు మాత్రం ఆపకండి, 55 డిగ్రీల ఫారన్‌హీట్‌కి తగ్గితే గొట్టాలు గడ్డకట్టే ప్రమాదం. అగ్నిప్రమాదాల కోసం స్ప్రింక్లర్లు ఉన్న ఇళ్ళలో వాటికెళ్ళే నీరు కట్టకూడదు.

"ఇన్సూరెన్సు ఉందిగా!" అంటారా? మామూలు పాలసీలు హఠాత్తుగా పగిలినదానికి ఇస్తాయి గానీ, నెలల తరబడి చెమ్మగిల్లినదానికి సాధారణంగా ఇవ్వవు. ఇచ్చినా, తడిసిపోయిన అమ్మ పాత ఫొటోలకి ఎంతని వెల కడతారు?

సూట్‌కేసులు యాభై పౌన్లు దాటకుండా తూచి తూచి సర్దటానికి ఒక సాయంత్రమంతా వెచ్చిస్తాం. వాల్వు తిప్పటానికి అరనిమిషం చాలు.