ఎప్‌కాట్ ఉద్యానమున ఔచిత్యభంగము

అమెరికాలోని డిస్నీ వినోదోద్యానములలో పాత రైడ్ యొకటి మూతవడి, దాని స్థానమున చలనచిత్ర పాత్రల పేరిట క్రొత్తది వెలసినప్పుడెల్ల అభిమానుల నడుమ వివాదము చెలరేగుటయు, అది కొంతదూరము సాగినపిదప ఎవరో యొకరు లేచి, తన ఉద్యానము ఎన్నటికిని పూర్తి కాదని వాల్ట్ డిస్నీయే సెలవిచ్చెను గదా యని ఆ మాటను తుది తీర్పువలె చదివి సభ ముగించుటయు పరిపాటి యైపోయినది. ఈ తీర్పునకు తలయూచువారు నానాటికి హెచ్చుచున్నారు. మార్పును కాదనువాడు చిన్ననాటి జ్ఞాపకములకు దాసుడనియు, విహారస్థలమునకు సిద్ధాంతమేమిటనియు, పిల్లలు కోరినది పెట్టుటయే ధర్మమనియు వీరి వాదము. పైకెంతో లోకజ్ఞతతో నిండినట్లు కనబడు ఈ వాదము లోపల డొల్ల యని చూపుటకే ఈ వ్యాసము.

వాల్ట్ డిస్నీ ఆ మాట అనుట నిజమే. కాని యొకని మాటకు భాష్యము చెప్పబూనినవాడు అతడు చేసిన పనిని గూడ చూడవలయును. 1955 జూలై 17వ తేదీన కాలిఫోర్నియాలోని అనహైమ్ పట్టణమున, నారింజతోటలు కొట్టించిన నేలమీద డిస్నీలాండును తెరచినప్పుడు, లోపలనున్నవానికి వెలుపలి లోకము కంటబడరాదని దాని చుట్టును ఎత్తైన మట్టికట్ట పోయించినవాడు ఆయనయే. ఆపిమ్మట 1959లో మాటర్‌హార్న్ కొండను నిలిపెను. 1966లో న్యూ ఆర్లియన్స్ వీధులను కట్టించెను. నచ్చనివానిని నిర్మొగమాటముగా తీసివేయించెను. అయినను ఏ పేట కథ ఆ పేట హద్దులలో చెడకుండ కాపాడుకొనెను. భవిష్యత్తును చూపెడి టుమారోలాండు వీధిలో ఒకనాడు కౌబాయ్ వేషగాడు నడచిపోవుట చూచి ఆయన నొచ్చుకొనెనని చెప్పుకొందురు. ఆ కథ యెట్లున్నను, ఫ్లోరిడాలోని మ్యాజిక్ కింగ్‌డమ్ వీధుల అడుగున, వేషగాండ్రును పనివారును జనుల కంటబడకుండ ఎవరి పేటకు వారు చేరుకొనుటకై కట్టిన మార్గములు నేటికిని ఉన్నవి. ఒక్క వేషగాడు పరాయి వీధిలో కనబడుటకే సహింపక ఇంత నిర్మాణమునకు పూనుకొన్న సంప్రదాయమును, ఏ పాత్రను ఏ పేటలో దింపినను దోషము లేదనువారు తమ పక్షమున సాక్షిగా పిలుచుట వింతలలోకెల్ల వింత.

ఈ వివాదమునకు కేంద్రము ఫ్లోరిడాలోనే యున్న ఎప్‌కాట్ ఉద్యానము. 1966 డిసెంబరులో కన్నుమూయుటకు ముందు వాల్ట్ డిస్నీ తలపోసినది ఉద్యానమును గాదు, మనుష్యులు కాపురముండి క్రొత్త యంత్రములను, క్రొత్త జీవనపద్ధతులను పరీక్షించుకొనెడి యొక నగరమును. ఆ నగరము కాగితముమీదనే నిలిచిపోయినది. తరువాతివారు ఆ తలంపును కుదించి, 1982 అక్టోబరు 1వ తేదీన ఒక ఉద్యానముగా తెరచిరి. ముందుభాగమున నూట ఎనుబది అడుగుల ఎత్తుగల మహాగోళము. దాని వెనుక శక్తి, రవాణా, భూమి, ఊహాశక్తి అనుచు ఒక్కొక్క విషయమునకు ఒక్కొక్క మందిరము. వెనుకభాగమున సరస్సు చుట్టును దేశదేశముల కట్టడములు. తొలుత తొమ్మిది, 1984లో మొరాకోయు 1988లో నార్వేయు చేరి పదునొకండు. (మన దేశమునకు ఆ సరస్సు గట్టున నేటికిని చోటు లేదు; ఆ సంగతి వేరొకమారు.) మిక్కీ మౌస్ మొదలగు పాత్రలను ఈ ఉద్యానమునకు మొదట బుద్ధిపూర్వకముగానే దూరముంచిరి. మనుష్యుడు సాధించినదియు సాధింపదలచినదియు కల్పితపాత్రల సాయము లేకయే మనోహరముగా చూపవచ్చునని నిర్మాతల విశ్వాసము.

ఆ విశ్వాసము ఫలించినదనుటకు 1983లో తెరచిన హొరైజన్స్ అను మందిరమే చాలును. పూర్వులు ఊహించిన భవిష్యత్తులను నవ్వుతాలుగా చూపి, పిదప మరుభూమిని పొలముగా మార్చుకొన్నవారిని, సముద్రగర్భమున నివసించువారిని, అంతరిక్షమున ఇండ్లు కట్టుకొన్నవారిని వరుసగా చూపుచు ఆ మందిరపు బండ్లు సాగెడివి. మరుభూమిలోని పండ్లతోట చేరునప్పటికి గాలిలో నారింజపండ్ల వాసన గుప్పున కొట్టెడిది. తుదకు ఏ దారిని ఇల్లు చేరవలయునో, మరుభూమిమీదుగానో, కడలి అడుగునుండియో, ఆకాశమునుండియో, బండిలోనివారే మీట నొక్కి నిర్ణయించుకొనెడివారు. భవిష్యత్తు మీ యిష్టముమీద ఆధారపడియున్నదని చిన్న పిల్లవానికి ఒక్క మీటతో తెలియజెప్పుట సామాన్యమైన కల్పన కాదు. 1999 జనవరిలో దానిని మూసివేసి, అనంతరము నేలమట్టము చేసిరి. దాని స్థలమున 2003లో వెలసిన మిషన్ స్పేస్ రైడ్‌లో గిరగిర తిరుగుటయే ప్రధానము. ఐనను అంతరిక్షము మనుష్యుని భవిష్యత్తునకు సంబంధించినదే గావున అక్కడ నష్టము కొంతమాత్రమే.

పదునొకండవ శతాబ్దిలో కాశ్మీరదేశీయుడైన క్షేమేంద్రుడు కావ్యమునకు ఔచిత్యమే ప్రాణమని నిర్ణయించుచు, మొలనూలు మెడలో వేసికొని, హారము నడుమున కట్టుకొన్నవారిని చూచి నవ్వనివారెవరని యడిగినాడు. మొలనూలునందు దోషము లేదు, హారమునందును దోషము లేదు, దోషమెల్ల చోటునందే. ఎప్‌కాట్ అభిమానుల మొఱ సరిగా వినువానికి ఇంతకంటె వేరేమియు వినబడదు. ఎప్‌కాట్‌లోని నార్వే కట్టడమున దింపిన ఫ్రోజన్ చెడ్డ చిత్రమని వారు అనుటలేదు. దానికి తగిన తావు అది కాదనుచున్నారు.

నార్వే సంగతియే చూతము. సరస్సు గట్టున ఆ దేశపు ప్రాచీనమైన కొయ్య ప్రార్థనామందిరమునకు ప్రతిరూపము నిలిపి, దాపున మేల్‌స్ట్రోమ్ అను పడవ రైడ్ ఏర్పరచిరి. వైకింగుల గ్రామమునుండి బయలుదేరిన పడవను దారిలో ట్రోల్ అను భూతములు శపించి వెనుకకు త్రోయగా, అది వెనుదిరిగి జారిపోవుచు ఉత్తరసముద్రములోని చమురుబావుల వేదికల నడుమకు చేరెడిది. దిగినవారికి నార్వేను గూర్చిన చలనచిత్రము చూపెడివారు. భూతములును చమురుబావులును ఒకే పడవలో! హాస్యమాడువారు ఆడుదురు గాక. ఆ దేశపు పురాణమును, బ్రతుకుతెరువును పదినిమిషములలో కలిపిచూపిన చమత్కారము మాత్రము దానియందు కలదు. 2014 అక్టోబరులో దానిని మూసి, 2016 జూన్‌లో అదే కాలువలో ఫ్రోజన్ కథను ప్రవేశపెట్టిరి. పడవ వెనుకకు జారుట కూడ మిగిలినది. త్రోసెడి భూతములు మాత్రము పోయినవి. చిత్రకారులు నార్వే కొండలను, ఇండ్లను చూచియే ఏరెండెల్ అను ఆ కల్పితరాజ్యమును రూపొందించిరి గదా యని సమర్థకులు వాదింతురు. చూచి గీసినంత మాత్రమున ఆ దేశమే యగునా? ఆ కథకు ప్రేరణయైన మంచురాణి కథను వ్రాసిన ఆండర్సన్ డెన్మార్కువాడు. నిజమైన దేశములను నిజముగా పరిచయము చేయుటకు కట్టిన వరుసలో, పటముమీద లేని రాజ్యము నొకదానిని నిలిపినచో, చూచిపోయిన బాలునికి నార్వే యనగా ఏమి జ్ఞాపకముండును? మంచుబొమ్మ.

శక్తిమందిరము గతి ఇంతకంటె శోచనీయము. పైకప్పుమీద సౌరఫలకములు పరచి, రంగస్థలమంత విశాలమైన బండ్లమీద ప్రేక్షకులను రాక్షసిబల్లుల కాలమునుండి నడిపించిన ఆ మందిరమును 2017 ఆగస్టులో మూసిరి. 2022 మేలో గార్డియన్స్ ఆఫ్ ది గాలక్సీ చిత్రము పేరిట అక్కడ ఒక మహావేగపు రోలర్ కోస్టర్ తెరచిరి. అది నేర్పుతో కట్టినదనుటకు సందేహము లేదు. బండ్లు ముందునకును ప్రక్కలకును తిరుగుచు చీకటిలో దూసుకొనిపోవుచుండ జనులు కేరింతలు కొట్టుదురు. అయినను, ఇంధనము ఎక్కడిది, అది తరుగుట యెట్లు, తరిగినపిదప మన గతి యేమి యను ప్రశ్న నేడు నలుబది యేండ్ల క్రిందటికంటె వెయ్యిరెట్లు ముఖ్యమైయుండగా, ఆ ప్రశ్నకై కట్టిన చోటనుండియే దానిని వెడలగొట్టుట కాలానుగుణమైన మార్పని యెట్లు చెప్పనగును? ఆ ముందుభాగమునకే 2021లో మూడు క్రొత్త పేరులు పెట్టి, భవిష్యత్తు అను మాటను ఫలకములనుండియే తొలగించిరి. ఈ యొక్క పనిలో మాత్రము వారు సత్యవాదులు.

ఇక పిల్లలు తెలిసిన పాత్రలనే కోరుదురను వాదము. డిస్నీలాండులోని సముద్రపుదొంగల రైడ్ 1967లోను, దయ్యాల భవనము 1969లోను తెరచినప్పుడు వానికి మూలమైన చిత్రములు లేవు. పిల్లలు వచ్చిరి, చూచిరి, మరల వచ్చిరి. 2003లో ఆ దొంగల రైడ్‌నుండియే చిత్రము పుట్టినది. ఎప్‌కాట్‌లోని ఊహాశక్తి మందిరమున 1983లో జన్మించిన ఫిగ్మెంట్ అను ఊదారంగు చిన్న డ్రాగన్‌కును ముందు కథ లేదు, వెనుక చిత్రము లేదు. 1999లో దానిని దాదాపు తొలగించి క్రొత్త రైడ్ తెచ్చిరి. జనుల నిరసన కెదురు నిలువలేక 2002లో మరల తెచ్చుకొనిరి. కథలు పుట్టించిన చోటు నేడు వేరొకచోట పుట్టిన కథలకు అంగడి యగుచున్నదనుటయే ఫిర్యాదు. దీనికి పిల్లల కోరిక సమాధానము కానేరదు.

అభిమానుల పక్షమున వాదించుచున్నంత మాత్రమున వారి మాటలెల్ల నెత్తినబెట్టుకొనజాలను. తొలినాటి ఎప్‌కాట్‌లో శక్తిని గూర్చి పాఠము చెప్పించినది చమురుకంపెనీ, రవాణాను గూర్చి చెప్పించినది కార్లకంపెనీ. దానిని తపోవనమువలె వర్ణించువారు ఈ సంగతి మరతురు. స్ప్లాష్ మౌంటెన్ అను రైడ్ విషయమున కొందరు చేసిన గగ్గోలు మరింత అవివేకము. దానికి మూలమైన 1946 నాటి సాంగ్ ఆఫ్ ది సౌత్ చిత్రము తోటలలోని నల్లవారి బ్రతుకును తియ్యగా చిత్రించినదన్న నింద మోయుచున్నది. నిర్మించిన కంపెనీయే దానిని అమెరికాలో వీడియోగా నైనను విడుదల చేయలేదు. అట్టి కథను 2023లో తీసివేసి, న్యూ ఆర్లియన్స్ పిల్లయైన టియానా కథను 2024లో తెచ్చుట న్యాయమే. ఇందును ఔచిత్యమే కొలత: కాలిఫోర్నియాలో ఆ రైడ్ న్యూ ఆర్లియన్స్ పేట ప్రక్కనే యుండుటచే చక్కగా అమరినది, ఫ్లోరిడాలో పశ్చిమసీమల పేట నడుమ పడి పరాయిదిగా నిలిచినది. కథ యొకటే, చోటు వేరు. ఆ ఫ్లోరిడా పేటయందే 2025 జూలైలో నదిని, దానిలోని టామ్ సాయర్ ద్వీపమును, ఆవిరిపడవను మూసివేసి, మాటలాడు కార్ల కథకై పనులు చేపట్టిరి. పశ్చిమసీమలకు ప్రాణము నది యని తెలిసినవానికి దీనిపై వ్యాఖ్య యవసరము లేదు. అనిమల్ కింగ్‌డమ్ అను మరియొక డిస్నీ ఉద్యానములో అవతార్ చిత్రపు పాండోరా సీమను కట్టుదురని వినినప్పుడు పెక్కుమంది పెదవి విరిచిరి. 2017లో తెరచినపిదప చూడగా, ప్రకృతిని దోచుకొనుటయా, పూజించుటయా యను ఆ ఉద్యానపు మూలప్రశ్నయే అందును పలుకుచున్నది. కావున చలనచిత్రము ప్రవేశించినంత మాత్రమున తప్పు లేదు. ప్రవేశించినది ఇంటి ధర్మమును పాటించుచున్నదా, ఇంటినే తనదిగా చేసికొనుచున్నదా యనునది చూడవలయును.

ఇంతకును మూలకారణము వేరొకటి కలదు. భవిష్యత్తును చూపు ప్రదర్శనము పదియేండ్లకే పాతబడును. దానిని ఎప్పటికప్పుడు తిరుగవ్రాయుటకు ధనమును, బుద్ధియు, ఓపికయు కావలయును. భారము పంచుకొనిన పెద్దకంపెనీలు ఒక్కొక్కటిగా తప్పుకొనగా, ముదుసలి కాని పాత్ర, బొమ్మలుగా చొక్కాలుగా అమ్ముడుపోవు పాత్ర, యజమానుల కంటికి ఆకర్షణీయమైనది. ఇది లెక్కల మాట, తప్పక లెక్కల మాటగానే చెప్పవలయును. దానిని వాల్ట్ డిస్నీ ఉపదేశముగా చుట్టి చెప్పుటయే మాకు అభ్యంతరము.

అమెరికాలోని పిల్లలయొద్దకు వెళ్లిన తెలుగు తల్లిదండ్రులను ఆర్లాండో తీసికొనిపోవుట నేడు ఆనవాయితీ యైనది. పోవువారితో ఒక మాట. ఎప్‌కాట్‌లోని భూమి మందిరములో నొక పడవ రైడ్ కలదు. తొలినాటినుండియు కొద్దిమార్పులతో సాగుచున్నది. అడవిని, మరుభూమిని, పల్లెటూరి పొలమును దాటి ఆ పడవ నిజమైన హరితగృహములలో ప్రవేశించును. మట్టి లేకుండ వ్రేళ్లు గాలిలో వ్రేలాడుచుండగా పెరుగు మొక్కలు కనబడును. అక్కడ పండినది అక్కడి భోజనశాలలలో వడ్డింతురు. మిక్కీయు ఉన్నాడు, కాని అతని ముఖాకారపు మూసలలో పెరుగు గుమ్మడికాయగా మాత్రమే. దాని వరుసలో నిలుచుండి, ఆ పడవ యెక్కి రండు; దానికి ఆదరణ కలదని లెక్క చూచుకొన్నంతకాలము దానిని ముట్టుకొనుటకు యజమానులు జంకుదురు.