కండువా మహిమ

మన తెలుగులో ఒకే పనికి రెండు పేర్లు. అవతలి పార్టీ ఎమ్మెల్యే మన పార్టీలోకొస్తే అది ‘చేరిక’. మనవాడు అటు పోతే అది ‘ఫిరాయింపు’. వచ్చినవాడు నియోజకవర్గం అభివృద్ధి కోసం వచ్చాడట. పోయినవాడు మాత్రం అమ్ముడుపోయాడట! మధ్యలో మారిందల్లా కండువా రంగు.

ఇది ఎవరో ఒక్కరి జబ్బు అనుకునేరు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో వైకాపా తరఫున 67 మంది గెలిస్తే, తర్వాత 23 మంది తెలుగుదేశంలో తేలారు. 2017లో వారిలో నలుగురు మంత్రులూ అయ్యారు. 2019లో గాలి మళ్లాక నలుగురు తెలుగుదేశం ఎమ్మెల్యేలు వైకాపా పంచన చేరారు. తెలంగాణలో 2019 జూన్‌లో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది టీఆర్‌ఎస్‌లో ‘విలీనం’ అయ్యారు. ఆ నెలలోనే నలుగురు తెలుగుదేశం రాజ్యసభ సభ్యులు బీజేపీ గూటికెళ్లారు. 2024లో బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేలు కాంగ్రెస్ బాట పట్టారు. తిలా పాపం తలా పిడికెడు!

చట్టం లేదా అంటే, ఉంది. 1985లో వచ్చింది. మూడో వంతు చీలితే చాలన్న కంతను 2003లో పూడ్చారు. మూడింట రెండొంతుల విలీనం అనే వాకిలి మాత్రం వదిలేశారు. ఇక తీర్పు చెప్పాల్సిన స్పీకరుగారు సాధారణంగా అధికారపక్షం మనిషే. వేగిరం ఎందుకుంటుంది?

అయితే నా తగవు నాయకులతో కాదు, వాళ్లను వెనకేసుకొచ్చే మనతోనే. “ముందు వాళ్లు చెయ్యలేదా?” అంటాం. పొరుగింటివాడి బాకీ చూపించి మన బాకీ కొట్టెయ్యమంటే ఏ షావుకారైనా ఊరుకుంటాడా?

“మన తప్పు మనమే ఒప్పుకుంటే ఎదుటివాడికి అలుసైపోమూ?” అని ఇంకో వాదం. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాలో ఉద్యమకారుల గుంపు 22 మంది పోలీసులను పొట్టన పెట్టుకుంది. ఎదురుగా తెల్లదొరతనం ఉంది. “వాళ్లు జలియన్‌వాలాబాగ్‌లో చంపలేదా?” అని గాంధీగారు అనవచ్చు. అనలేదు. అయిదు రోజులు ఉపవాసం ఉండి, ఉద్యమమే ఆపేశారు. సొంతవాళ్లే విసుక్కున్నారు. అయినా ఆయన అలుసైపోలేదు.

అంత త్యాగం మనల్నెవరూ అడగడం లేదు. ఈసారి మీ పార్టీ ఎవరికైనా కండువా కప్పినప్పుడు చప్పట్లు కొట్టేముందు ఒక్క ముక్క అడగండి: “అయ్యా, ఈయన మన మీద గెలిచినవాడు కదా, రాజీనామా చేసి వచ్చాడా?” అవతలివాణ్ణి రోజూ అడుగుతూనే ఉన్నారు. ఇంట్లోవాణ్ణి ఒక్కసారి అడిగితే నోరేం పడిపోదు.